ఒక గుఱుతు – రెండర్థములు



మన తెలుఁగున 'ఏడు' అన్నచో సంఖ్య. అరసున్న చేర్చి 'ఏఁడు' అన్నచో సంవత్సరము. అరసున్న విడిచినచో తప్పు పదము రాదు, మఱియొక మంచి పదమే వచ్చును. కాఁబట్టి ఆ దోషము సులభముగాఁ గనఁబడదు. చిన్న యంత్రములకు ఉత్తరువులు వ్రాయు అసెంబ్లీ భాషలోను ఇట్టి చిక్కే కలదు.

1980లో అమెరికా దేశపు ఇంటెల్ సంస్థ 8051 అను మైక్రోకంట్రోలరును వెలువరించెను. ఒక్క చిప్పులోనే లెక్కచేయు భాగము, 4096 అంకెలు పట్టు ఉత్తరువుల కోశము, లెక్కల నడుమ వాడుకొనుటకు 128 చిన్న గదులు అందు అమర్పఁబడెను. ఒక్కొక్క గదిలో 0 మొదలు 255 దాఁక ఒక సంఖ్య నిలుచును. యంత్రమునకు సంఖ్యలే తెలియును. మనము పొట్టి మాటలలో ఉత్తరువు వ్రాయుదుము. అసెంబ్లరు అను ప్రోగ్రాము దానిని సంఖ్యలుగా మార్చును.

'మూవ్ ఏ, #5' అని వ్రాసినచో "5 అను సంఖ్యను ఏ అను ముఖ్యస్థానమున నుంచుము" అని యర్థము. అది 116, 5 అను అంకెలగును. # గుఱుతు విడిచి 'మూవ్ ఏ, 5' అన్నచో "5వ గదిలో నున్న దానిని తెచ్చి ఏ యందుంచుము" అని యర్థము. అంకెలు 229, 5 అగును. రెండును వ్యాకరణసమ్మతములే. కావున అసెంబ్లరు తప్పని పలుకదు.

కరెంటు వచ్చిన పిదప 5 నిమిషములు ఆఁగి పంపు మోటారును నడుపవలెనని వ్రాసితిమనుకొందము. ఆ గుఱుతు జాఱినది. 5వ గదిలో అప్పుడు 200 ఉన్నది. మోటారు 3 గంటల 20 నిమిషములు కదలదు. చేను ఎండుచుండును. యంత్రము మాత్రము చెప్పినట్లే చేసినది!

దీనికి మన పెద్దల పద్ధతియే మందు. ; అను గుఱుతు తరువాత ఆ పంక్తిలో వ్రాసిన దానిని అసెంబ్లరు విడిచిపెట్టును. అది వ్యాఖ్యకు చోటు. "5 నిమిషములు ఆఁగవలెను" అని అచట వ్రాసినచో, పిమ్మట చదువువాఁడు మూలమును, వ్యాఖ్యను పోల్చి దోషమును పట్టఁగలఁడు.

మీ యింటి పిల్లలు ఈ విద్య నేర్చుచున్నచో, వారి వ్రాఁతను మీ యెదుట చదివింపుఁడు. మీకు గుఱుతులు తెలియకున్నను, ప్రతి పంక్తికి "ఇచట నీ యుద్దేశమేమి?" అని యడుగుఁడు. అసెంబ్లరు అడుగలేని ప్రశ్న అదియే.