చుట్ట ఆరిపోయాక గదిలో మిగిలేది

రాత్రి సిగార్ కాలుతున్నప్పుడు గదిలో ఉండే వాసన వేరు, పొద్దున్నే తలుపు తీస్తే ముక్కుకు కొట్టేది వేరు. మొదటిదాన్ని ఇష్టపడేవాళ్లున్నారు. పరిమళం అనేవాళ్లు కూడా ఉన్నారు. రెండోదాన్ని ఇష్టపడేవాళ్లను చూడలేదు, కాల్చినాయనతో సహా. రాత్రి పొగే బయటికి పోక గదిలో తిరుగుతోందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కిటికీలు తెరుస్తారు, రూమ్ స్ప్రే కొడతారు, పూజ గది నుంచి సాంబ్రాణి తెచ్చి మూలమూలకూ పడతారు. మధ్యాహ్నానికి బాగైపోయినట్టే ఉంటుంది. సాయంత్రం తలుపులు మూయగానే మళ్లీ అదే కంపు. ఎందుకంటే గాలిలో ఉన్న పొగ ఎప్పుడో పోయింది. ఇప్పుడు వాసన వేస్తున్నది గోడలు, కర్టెన్లు, పరుపులు. రాత్రి పీల్చుకున్నదాన్ని అవి కొద్దికొద్దిగా వదులుతున్నాయి. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఏ ఖర్చు దండగో, ఏ పని పనికొస్తుందో దానంతట అదే తేలుతుంది.

సికింద్రాబాద్‌కు చుట్ట కొత్తది కాదు. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద వెలిసిన ఈ దండు ఊరికి మద్రాసు సైన్యంతో పాటే తిరుచిరాపల్లి చుట్టల అలవాటూ నడిచొచ్చింది. ఇటు మన గోదావరి లంకల్లో, వరద దించిన ఒండ్రు మీద పండే లంక పొగాకు ఘాటుకు పెట్టింది పేరు. ఆ పేరు 1890 నాటి షెర్లాక్ హోమ్స్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ దాకా పాకింది. ఆ తర్వాత చుట్టతోనే లోకానికి గుర్తుండిపోయిన విన్‌స్టన్ చర్చిల్, కుర్ర సైనికాధికారిగా 1896లో బెంగళూరు నుంచి ఇక్కడికి పోలో ఆడటానికి వచ్చినవాడే.

మారిందల్లా చుట్ట కాల్చే చోటు. మారేడ్‌పల్లి, తిరుమలగిరి, బొల్లారం వైపు మిగిలిన పాత బంగళాలు చూడండి. ఎత్తయిన పైకప్పు, దాని కింద వెంటిలేటర్లు, ముందొక వెడల్పాటి వరండా, అందులో పడక కుర్చీ. కాల్చేవాళ్లు కాల్చింది ఎక్కువగా ఆ కుర్చీలోనే. పల్లెటూళ్లలో అరుగు మీద. చుట్టకు మన సాహిత్యంలో గిరీశాన్ని మించిన ప్రచారకర్త లేడు. ఆయనకు సొంతిల్లు లేదు కాబట్టి గోడల బెంగా లేదు. ఇప్పుడు సిగార్ పట్టుకున్నాయన ఉండేది ఏడో అంతస్తు ఫ్లాట్‌లో. పది అడుగులు కూడా లేని ఎత్తు, దాంట్లో మళ్లీ ఫాల్స్ సీలింగ్, దుమ్ము రాకుండా బిగించిన స్లైడింగ్ కిటికీలు, స్ప్లిట్ ఏసీ. పొగ పట్టి ఉంచడానికే కట్టినట్టుంటుంది ఆ గది.

సిగరెట్టు కంటే సిగార్ కంపు ఎందుకు మొండిదన్నది ఆకు దగ్గరే మొదలవుతుంది. సిగరెట్టులోకి వెళ్లే వర్జీనియా ఆకును బ్యారన్లలో వేడి పెట్టి కొద్ది రోజుల్లో ఆరబెడతారు. ప్రకాశం జిల్లా రైతును అడిగితే విడమరిచి చెబుతాడు. ఆ ఆకులో చక్కెరలు మిగులుతాయి, పొగ కాస్త ఆమ్ల గుణంతో వస్తుంది. సిగార్ ఆకును గాలికి మెల్లగా ఆరబెట్టి, గుట్టలుగా పేర్చి వారాలు, నెలల తరబడి మగ్గబెడతారు. చక్కెరలు తరిగిపోతాయి, అమ్మోనియా పుడుతుంది, పొగ క్షార గుణానికి తిరుగుతుంది. క్షారంగా ఉన్న పొగలో నికోటిన్ సులువుగా ఆవిరయ్యే రూపంలో ఉంటుంది. సిగార్ తాగేవాళ్లు పొగను గుండెల్లోకి లాగకపోయినా నోటి పొరల నుంచే మత్తు ఎక్కేది అందువల్లే. గోడకు అంటుకున్న నికోటిన్ అక్కడే పడి ఉండకుండా తిరిగి గదిలోకి లేచేది కూడా అందువల్లే.

పైగా మోతాదు ఒకటి ఉంది. సిగరెట్టులో పొగాకు గ్రాము లోపే. పెద్ద సిగార్‌లో 5 నుంచి 20 గ్రాములు, అంటే కొన్నిట్లో ఒక పెట్టె సిగరెట్లంత. కాలడానికి గంట నుంచి రెండు గంటలు. ఆ సమయంలో నోట పెట్టి లాగేది కాసేపే. మిగతా సేపంతా యాష్‌ట్రే అంచున ఊరికే రాజుకుంటూ ఉంటుంది. దమ్ము లాగినప్పటి కంటే వేడి తక్కువ కాబట్టి ఆకు సరిగా కాలదు. ముక్కును పొడిచే అమ్మోనియా, పిరిడీన్ లాంటివి ఈ పక్కపొగలోనే ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు ఆడవాళ్లు నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుని ‘అడ్డపొగ’ తాగుతారు. ఆ అలవాటుకూ అంగిటి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వైద్యులు ఏనాడో గుర్తించారు. డ్రాయింగ్ రూమ్‌లో సిగార్ కాల్చినప్పుడు నిప్పు కొన నుంచి లేచే పక్కపొగను మింగేది సోఫా, దాని మీద కూర్చున్న మిగతావాళ్లు.

పొగలో రెండు సరుకులున్నాయి. ఒకటి, మైక్రాన్‌లో పదో వంతు నుంచి ఒక మైక్రాన్ దాకా ఉండే తారు రేణువులు. ఇంత చిన్నవి నేల మీద రాలడానికి తొందరపడవు, గంటల తరబడి గాలిలో తేలుతాయి. రెండోది, ఆవిర్లు. ఇవి తగిలిన ప్రతి చోటా అంటుకుంటాయి. గోడకు కొట్టిన పుట్టీ, నూలు కర్టెన్లు, సోఫా స్పాంజి, పుస్తకాల అట్టలు, పడుకున్నవాళ్ల జుట్టు, అన్నీ వాటికి చోటిచ్చేవే. గదిలో గాలి శుభ్రపడగానే ఈ చోట్ల నుంచి మళ్లీ గాలిలోకి వస్తాయి. ఇంగువ కట్టిన గుడ్డ అని మనవాళ్లు ఊరికే అనలేదు. వానాకాలంలో ఇది ఇంకా ముదురుతుంది. గాలిలో తేమ పెరిగితే గోడా గుడ్డా పట్టి ఉంచిన ఆవిర్లు సడలుతాయి. ఏప్రిల్‌లో మరిచిపోయిన కంపు జులై ముసురులో మళ్లీ పలకరిస్తుంది.

కాల్చేవాళ్లకు ఇదంతా అతిగా తోస్తుంది. అది మొండితనం కాకపోవచ్చు. ఒకే వాసనలో కాసేపు కూర్చుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కాబట్టి వాసన ఉందా లేదా అనే పంచాయితీలో కాల్చినాయన సాక్ష్యం చెల్లదు. వీధిలోంచి వచ్చిన మనిషిని అడగాలి.

ఇక యంత్రాల సంగతి. ఏసీ వేస్తే పొగ పోతుందన్నది అందరూ నమ్మే అబద్ధం. మన ఇళ్లలో స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే లాక్కుని, చల్లబరిచి, గదిలోకే వదులుతుంది. దాని జాలీ దుమ్మును ఆపుతుందే తప్ప పొగను ఆపదు. లోపల తడిగా ఉండే కాయిల్ మాత్రం పొగను బాగా పట్టుకుంటుంది. మర్నాడు ఏసీ వేయగానే వచ్చే మొదటి విసురులో ఆ కంపంతా ఉంటుంది. పాత గడ్డి ప్యాడ్ల కూలర్ ఈ విషయంలో నయం. అది బయటి గాలిని లోపలికి నెడుతుంది, ఎదుటి కిటికీ తెరిచి ఉంటే లోపలి గాలి బయటికి పోక తప్పదు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ నిజంగా పనిచేసే వస్తువు, గాలి లోపలికి వచ్చే దారి ఉంటేనే. తలుపులన్నీ బిగించి ఫ్యాన్ తిప్పితే దాని మోతే మిగులుతుంది. ఒక లెక్క చూద్దాం. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో 1,440 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. అంత గాలీ ఒకసారి బయటి నుంచి వచ్చినా పొగంతా పోదు, కొత్త గాలి పాత గాలిలో కలుస్తూనే ఉంటుంది కాబట్టి. మొదటి విడతకు నూటికి 37 పాళ్లు మిగులుతుంది, రెండోదానికి సుమారు 14, మూడోదానికి 5. ఇది కాల్చడం ఆపేశాక లెక్క. బిగించిన ఏసీ గదిలో గంటకు ఒక్క విడత గాలి మారడం కూడా గగనమే. పైగా ఈ లెక్కంతా గాలికే. గోడకు పట్టినదానికి ఇది వర్తించదు.

గాలిని శుద్ధి చేసే ప్యూరిఫయర్లలో హెపా ఫిల్టర్ రేణువులను బాగా పడుతుంది. వాసన మాత్రం ఆవిరి, అది ఫిల్టర్‌లోంచి దర్జాగా దాటిపోతుంది. దానికి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అదీ కిలోల్లో. ఇళ్లకు అమ్మే చాలా మోడళ్లలో ఉండేది పలచటి పొర, అది త్వరగా నిండిపోతుంది. ఓజోన్ యంత్రాలు అసలు కొనకండి. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని, నికోటిన్‌తో కలిస్తే మరింత సూక్ష్మమైన రేణువులను పుట్టిస్తుంది. సాంబ్రాణి, ఊదుబత్తి కూడా పొగలే. కంపును కప్పుతాయి, గాలిలో రేణువులను పెంచుతాయి.

బాత్రూమ్‌లో కాల్చుకుంటానని మరో ఉపాయం వింటుంటాం. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ వెంటిలేటర్లు అన్ని అంతస్తులకూ ఉమ్మడిగా ఉన్న డక్ట్‌లోకి తెరుచుకుంటాయి. మీరు మూడో అంతస్తులో వెలిగిస్తే నాలుగూ అయిదూ ఆరూ పంచుకుంటాయి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో సాయంత్రానికి తేలేది ఈ లెక్కే. బాల్కనీ కొంత నయం, వెనక తలుపు గట్టిగా మూసి ఉంటే. తెరిచి ఉంటే గాలి విసురుకు సగం పొగ హాల్లోకే వస్తుంది. టెర్రస్ అన్నిటికంటే మేలు.

ఇప్పటికే కంపు పట్టిన గదిని కడగడంలో ఒక కిటుకుంది. నికోటిన్ క్షారం. ఆమ్లం తగిలితే అది నీళ్లలో కరిగే ఉప్పుగా మారుతుంది. కాబట్టి నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్ దానికి విరుగుడు. తారు జిడ్డు, దానికి బట్టల సోడా గానీ సబ్బు నీళ్లు గానీ కావాలి. రెండూ ఒకే బకెట్లో పోస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ముందు సబ్బుతో తుడిచి, మంచినీళ్లతో కడిగి, ఆరాక వెనిగర్ పట్టాలి. గోడకు ఎమల్షన్ ఉంటే ఇది సాధ్యం, మామూలు డిస్టెంపర్ అయితే రంగే చేతికొస్తుంది. కర్టెన్లు, దిండు గలీబులు ఉతికి ఎండలో వేయాలి. సికింద్రాబాద్ మే ఎండకు ఉన్న కొద్దిపాటి ఉపయోగాల్లో ఇదొకటి. ఫ్యాన్ రెక్కల పైభాగం, ట్యూబులైటు, ఫాల్స్ సీలింగ్ గాడులు ఎవరికీ గుర్తు రావు. ఏసీ మెకానిక్‌ను పిలిచి జాలీతో పాటు కాయిల్ కూడా కడిగించాలి. సోఫా స్పాంజి లోపలికి పట్టిన కంపును మాత్రం ఏదీ పూర్తిగా తీయదు. ఖర్చు చేసేదేదో కొత్త స్పాంజికే చేయడం మంచిది.

పెయింట్ వేస్తే సరిపోతుందా? కడగకుండా నీటి రంగు వేస్తే కొన్నాళ్లకు పసుపు మరకలు పైకి ఊరుతాయి, వాటితో వాసనా వస్తుంది. ముందు కడిగి, మరకలను ఆపే ప్రైమర్ వేసి, ఆ పైన రంగు వేయాలి. అమెరికాలోని శాన్ డియేగోలో పరిశోధకులు పొగతాగేవాళ్లు ఖాళీ చేసిన ఇళ్లను పరిశీలించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. ఇళ్లు శుభ్రం చేసి సుమారు రెండు నెలలు ఖాళీగా ఉంచినా దుమ్ములో, గోడల మీద నికోటిన్ దొరికింది. కొత్తగా దిగిన, పొగ అలవాటు లేని కుటుంబాల చేతివేళ్ల మీదా దొరికింది. టులెట్ బోర్డు చూసి ఇల్లు చూడబోయేవాళ్లు గదుల తలుపులు కాసేపు మూయించి, ఆ తర్వాత లోపలికి వెళ్లి వాసన చూడటం మంచిది.

ఇది ముక్కు మూసుకుంటే తీరే ఇబ్బంది కాదు. గోడల మీది నికోటిన్, గ్యాస్ పొయ్యి మంట నుంచీ వాహనాల పొగ నుంచీ గాలిలోకి చేరే నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కారక నైట్రోసమీన్లను తయారుచేస్తుందని 2010లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల చూపించింది. నేల మీద పాకి, దొరికినదల్లా నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు ఇది పెద్దల కంటే ఎక్కువగా చేరుతుంది. బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదన్న నిబంధనలు 2008 అక్టోబర్ 2 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చాయి గానీ, సొంతింటి గది వాటి పరిధిలో లేదు. అక్కడ తీర్పు ఇంట్లోవాళ్లదే. నా మటుకు నాకు మధ్యే మార్గం కనిపించలేదు. మూసిన గదిలో సిగార్ కాల్చి వాసన లేకుండా చూసుకునే పరికరం బజారులో లేదు. కాల్చక తప్పదనుకుంటే టెర్రస్ మీదికి వెళ్లండి, వచ్చాక చొక్కా మార్చుకుని చేతులు కడుక్కుని పిల్లల్ని ఎత్తుకోండి. మానాలనుకుంటే ప్రభుత్వ పొగాకు విరమణ సహాయ కేంద్రం నంబరు 1800-11-2356. ఫోన్ ఖర్చు లేదు.