నిచ్చెనకు బయట: నల్లగొండ, పాలమూరు భూస్వామ్యంలో వర్గాలు

తోకుగావా పాలకుల కాలం (1603-1868) నాటి జపాన్ సమాజం గురించి చెప్పేటప్పుడు నాలుగు మెట్ల నిచ్చెన ఒకటి గీస్తారు. పైన సమురాయ్ యోధులు, వాళ్ల కింద రైతులు, ఆ కింద చేతిపనివాళ్లు, చివర వర్తకులు. చచ్చిన పశువుల తోలు తీసినవాళ్లు దాని మీద ఏ మెట్టునా కనిపించరు. 'ఎతా' అని పేరుపెట్టి, మైలవాళ్లని చెప్పి, వాళ్లను నిచ్చెనకు బయటే ఉంచిన్రు.

మన నల్లగొండ, పాలమూరు భూస్వామ్యం గురించి రాసేవాళ్లు కూడా ఇట్లాంటి నిచ్చెననే గీస్తున్నరు. అది ఎక్కడ ఆగిపోతున్నదో చూద్దాం.

నిజాం రాజ్యంలో సుమారు 60 శాతం భూమి సర్కారు కింద దివానీగా ఉండేది. 10 శాతం నిజాం సొంతమైన సర్ఫేఖాస్. మిగిలింది జాగీర్లు, సంస్థానాలు. పాలమూరులో గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు సంస్థానాలుండేవి. నల్లగొండలో దేశ్‌ముఖులది పైచేయి. మొదట వీళ్లు శిస్తు వసూలు చేసే గుత్తేదార్లు. సాలార్‌జంగ్ సంస్కరణలతో ఆ గుత్త పోయింది గానీ వతన్లు దక్కినయి. ఊరి కాగితాలు చేతిలో ఉండటంతో మంచి భూములన్నీ వాళ్ల పేరు మీదికెక్కినయి. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలుండేదంటరు. వాళ్ల తర్వాత పటేలు, పట్వారీ. ఆ కింద పట్టాదారు రైతు, కౌలుదారు. మామూలుగా నిచ్చెన ఇక్కడికి వచ్చి ఆగుతది.

వెట్టి అందరూ చేసిన్రు కదా అనేవాళ్లున్నరు. నిజమే. గొల్లలు గొర్రెనిచ్చిన్రు, కుమ్మరి కుండలిచ్చిండు, సాలోళ్లు బట్టలిచ్చిన్రు, కోమటి కూడా గడీకి సరుకులు పంపిండు. కానీ మాల మాదిగల దగ్గర దొర వస్తువుతో ఆగలేదు, మనిషినే తీసుకున్నడు. ఇంటికొక మనిషి గడీకి పోవాలె. కాగితం మోయాలె, దొర బండి ముందు ఉరకాలె. మాదిగలు మోటకు బొక్కెన, తొండం, వార్లు కుట్టియ్యాలె. తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతముండాలె. దీన్నే సర్కారు కాగితాల్లో 'భగేలా' అన్నరు. పంట కోల్పోయినవాడు, తన ఒళ్లు మీదనే హక్కు లేనివాడు ఇద్దరూ ఒకే వర్గమెట్లయితరు?

ఈ తేడా చట్టాల్లో బయటపడ్డది. 1946-51 సాయుధ పోరాటంలో దళితులు దళాల్లో ఉన్నరు, పంచిన భూముల్లో నాగలి కట్టిన్రు. 1948 పోలీసు చర్య వెనకనే దొరలు తిరిగొచ్చి చాలా భూములు మళ్లీ గుంజుకున్నరు. 1949లో జాగీర్లు రద్దయినయి. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కులిచ్చింది. కానీ జీతగాడు కౌలుదారు కాదు, అతని పేరు ఏ కౌలు కాగితంలో లేదు. ఆ భూమిని దున్నింది మాత్రం అతనే. వెట్టిచాకిరీ రద్దు చట్టం దేశమంతటికీ వచ్చేసరికి 1976 అయింది.

జపాన్‌లోనూ అంతే. 1871లో సర్కారు 'ఎతా' అన్న పేరును రద్దు చేసింది. వివక్ష పోలేదు. అందుకే వాళ్లు 1922లో సుయిహేషా అనే సొంత సంఘం పెట్టుకోవలసి వచ్చింది.

కాబట్టి భూస్వామ్య వర్గాలను లెక్కగట్టేటప్పుడు ఎవరికి ఎన్ని ఎకరాలున్నయని అడిగితే చాలదు. గడీకి ఎవరు పంట పెట్టిన్రు, ఎవరు వస్తువు ఇచ్చిన్రు, ఎవరు తమను తామే ఇచ్చుకోవలసి వచ్చిందని కూడా అడగాలె. అట్లా అడిగితే కులం దానంతటదే లెక్కలోకి వస్తది.