మొదటి చలానా - తల్లిదండ్రుల కర్తవ్యము

మన పాఠశాలలో చదువు ముగించి కళాశాలలో చేరిన బాలుడు గాని బాలిక గాని పదునెనిమిదవ యేడు నిండగానే కోరు వస్తువులలో డ్రైవింగు లైసెన్సు ఒకటి. చెన్నపట్టణము వంటి విశాల నగరములో ఈ కోరికను తప్పు పట్టరాదు. ఇల్లొక మూల, కళాశాల మఱొక మూల ఉండును. కాని బండి చేతికి వచ్చిన కొలది మాసములలోనే పలు కుటుంబములకు ఒక అనుభవము కలుగుచున్నది. తండ్రిగారి సెల్‌ఫోనునకు ఒక సందేశము వచ్చును. ఫలానా తేదీన, ఫలానా రహదారిపై, మీ వాహనము నిర్ణీత వేగమును మించి నడిచినదనియు, అందులకు జరిమానా చెల్లింపవలసినదనియు అందులో ఉండును. ఈ చిన్న సందేశమును ఇంటిలో ఏ రీతిగా స్వీకరింతురో, ఆ బిడ్డ రేపు బండి నడుపు తీరు చాలవఱకు దానిని బట్టి యుండును.

సామాన్యముగా మన యిండ్లలో మూడు పద్ధతులు కానవచ్చుచున్నవి. కొందఱు తండ్రులు ఉగ్రులై కేకలు వేసి, బండి తాళమును బీరువాలో పెట్టి, నాలుగు దినములు గడిచిన పిమ్మట మరల ఇచ్చివేయుదురు. కొందఱు "పోనిమ్ము, వేయి రూపాయలే గదా" యని తామే చెల్లించి ఊరకుందురు. మఱికొందఱు తెలిసిన పెద్దమనుష్యుని సిఫారసుకై వెదకుదురు. మొదటి దానివలన బిడ్డ భయమును నేర్చును గాని వివేకమును నేర్వడు. రెండవ దానివలన తప్పు చేయుట తన వంతు, వెల చెల్లించుట తండ్రి వంతు అని గ్రహించును. మూడవది అన్నిటికన్న హానికరము. చట్టము పలుకుబడి లేనివారికే గాని మనకు కాదను పాఠమును అది నేర్పును. "మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెత యిచట తలంపదగినది. మొదటి చలానా మొక్కగా నున్న దశలో వచ్చిన హెచ్చరిక.

మఱి చేయదగిన దేమి? ముందుగా ఆ సందేశము నిజమైనదా యని తెలిసికొనవలెను. చలానా పేరిట మోసపు సందేశములు పంపి, అందులోని లంకెను నొక్కినవారి బ్యాంకు ఖాతాలను దోచుకొను ముఠాలు నేడు దేశమంతట కలవు. కావున సందేశములోని లంకెను నొక్కక, "ఈ-చలానా పరివాహన్" అను ప్రభుత్వ వెబ్‌సైటును స్వయముగా తెఱచి, బండి నంబరునో చలానా నంబరునో ఇచ్చి చూడవలెను. ప్రభుత్వ చిరునామా "గవ్ డాట్ ఇన్" అను అక్షరములతో ముగియును. ఫోనులో ఏదైన యాప్‌ను దింపుకొనుమని చెప్పు సందేశమును నమ్మరాదు.

ఇచట మన తెలుగు కుటుంబములకు ప్రత్యేకముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. ఇట్టి సందేశములు మనకు తెలుగులో రావు. ఇంగ్లీషులోనో తమిళములోనో వచ్చును. ఆ భాషలు బాగుగా చదువలేని తలిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు మనలో పలువురు కలరు. ఇంటికి వచ్చిన ప్రతి కాగితమును బిడ్డలచేతనే చదివించుకొను అలవాటు మనది. తప్పు చేసినవాడే ఆ సందేశమును చదివి చెప్పవలసినవాడైనపుడు, "ఏదో ప్రకటన నాన్నగారూ" అని దానిని తుడిచివేయుటకు అవకాశము కలదు. చెల్లింపని చలానా తనంత తాను నశింపదు. కొంత కాలమునకు కోర్టుకు చేరును. కావున బండి తన పేరిట ఉన్న ప్రతి తండ్రియు, తల్లియు అప్పుడప్పుడు పై వెబ్‌సైటులో తమ బండి నంబరును చూపించుకొనుట మేలు. బిడ్డను శంకించుటకు గాక, లెక్క చూచుకొనుటకే యిది యని వారికి ముందే తెలుపవలెను.

చలానా తండ్రి పేరిట ఏల వచ్చుచున్నదని కొందఱడుగుదురు. కెమెరా పట్టుకొనునది బండి నంబరును; ఆ నంబరు ఎవరి పేరిట నమోదైనదో వారికి సందేశము వెళ్లును. కాని అతివేగము, నడిపినవాని నేరము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 133వ సెక్షను ప్రకారము, పోలీసు అధికారి కోరినపుడు ఆ సమయమున బండిని నడిపిన వారెవరో, వారి లైసెన్సు వివరములేవో యజమాని తెలుపవలెను. కుమారుని కాపాడ నెంచి "నేనే నడిపితిని" అని తండ్రి చెప్పుట ప్రేమగా తోచవచ్చును గాని, అది కుమారుని యెదుట చెప్పిన అబద్ధము.

తరువాత చలానాను, బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, కలిసి చదువవలెను. తేదీ, సమయము, స్థలము, కొలిచిన వేగము, బండి నంబరు సరిగా ఉన్నవా? ఆ దినమున బండి ఆ త్రోవను పోయినదా? ఛాయాచిత్రములోని బండి మనదేనా? కేవలము ఒక సాక్షి "వేగముగా పోయినట్లు తోచినది" అని చెప్పినంత మాత్రమున శిక్షింపరాదనియు, ఆ అభిప్రాయమునకు వేగమును కొలుచు యంత్రము ఆధారమై యుండవలెననియు 183వ సెక్షనే చెప్పుచున్నది. నంబరు పొరబాటున పడినదని తోచినచో ఆ వెబ్‌సైటులోనే ఫిర్యాదు చేయవచ్చును. కోర్టులో వాదింపను వచ్చును. కాని అన్నియు సరిగా ఉన్నపుడు వాదమునకై వాదించుట తగదు. న్యాయమైన ఆక్షేపణకును, తప్పించుకొను ఉపాయమునకును గల భేదమును బిడ్డ నేర్చుకొనుటకు ఇంతకన్న మంచి సమయము దొరకదు.

ఇక జరిమానా సంగతి. 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము తేలిక వాహనముల అతివేగమునకు జరిమానా రు. 1,000 మొదలు రు. 2,000 వఱకు. రెండవసారి పట్టుబడినచో లైసెన్సును స్వాధీనము చేసికొని, దానిని నిలిపివేయుటకో రద్దు చేయుటకో సంబంధిత అధికారికి పంపుదురు. అనగా మొదటి చలానాకు వెల రూపాయలలో నున్నది. రెండవ దానికి లైసెన్సే వెల కావచ్చును. ఈ భేదమును బిడ్డకు స్పష్టముగా చెప్పవలెను. జరిమానా సొమ్మును సాధ్యమైనంత వఱకు బిడ్డయే భరింపవలెను. సంపాదన లేనిచో నెలనెల ఇచ్చు చేతి ఖర్చులో కొంత తగ్గించి, మూడు నాలుగు నెలలలో తీర్చునట్లు చేయవచ్చును. వెబ్‌సైటులో చెల్లించుట, రసీదు భద్రపఱచుట మొదలగు పనులన్నియు వానిచేతనే చేయించి, తండ్రి ప్రక్కన ఉండుట చాలును. పదునారేండ్లు నిండిన కుమారుని మిత్రునివలె చూడవలెనని పెద్దలు చెప్పిరి. మిత్రుడు ప్రక్కన నిలుచును గాని మన బరువును తానే మోయడు.

ఇంతటితో పని ముగిసినదనుకొనరాదు. వేగమునకు హద్దు ఏల యను ప్రశ్నకు సమాధానము చెప్పనిచో, బిడ్డ కెమెరాలున్నచోట మాత్రమే నిదానించుట నేర్చును. చెన్నపట్టణములో 2023వ సంవత్సరము నవంబరులో పోలీసువారు ప్రకటించిన హద్దులివి: గంటకు తేలిక వాహనములకు 60 కిలోమీటరులు, బరువు వాహనములకును ద్విచక్ర వాహనములకును 50, ఆటోలకు 40; నివాస ప్రాంతములలో ఏ వాహనమునకైనను 30. స్కూటరు నడుపువాడు తనకు కారు హద్దు వర్తించునని భ్రమపడుట కలదు. ఇంటి వీథిలో అన్నిటికిని 30 మాత్రమేనని ఎఱుగనివారును కలరు.

ఈ అంకెల వెనుక మన బిడ్డలు బడిలో చదివిన భౌతికశాస్త్రమే యున్నది. గంటకు 30 కిలోమీటరుల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో 8 మీటరులకు పైగా పోవును. 60 అయినచో 16 మీటరులు దాటును. అడ్డము వచ్చిన పసివానిని కన్ను చూచి, కాలో చేయో బ్రేకును నొక్కులోపల ఒక సెకను సులభముగా గడచును. నొక్కిన తరువాత ఆగుటకు పట్టు దూరము వేగము రెట్టింపైనపుడు రెట్టింపుగాక నాలుగింతలగును. ఇంత అపాయమునకు లాభ మెంత? పది కిలోమీటరుల దూరమును 50 వేగముతో పోయినచో 12 నిమిషములు, 60 వేగముతో పోయినచో 10 నిమిషములు. అన్నా సాలైలో ఒక్క ఎఱ్ఱదీపము ఈ రెండు నిమిషములను మ్రింగివేయును. ఈ లెక్కను బిడ్డచేతనే కాగితముపై వేయింపవలెను. తాను వేసిన లెక్కను తాను కాదనలేడు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరనియు, ఆ మరణములలో నూటికి 71 వంతులకు అతివేగమే కారణమనియు కేంద్ర రవాణా శాఖ ప్రకటించినది.

హద్దు ఉండుట మన నగరమునకే పరిమితమైన కాఠిన్యమని తలంపరాదు. 1896వ సంవత్సరము జనవరి 28వ తేదీన ఇంగ్లండులోని కెంటు మండలములో వాల్టర్ ఆర్నాల్డు అను నతడు గంటకు 2 మైళ్ల హద్దు గల ఊరిలో 8 మైళ్ల వేగముతో కారు నడిపెను. పోలీసు సైకిలుపై వెంటాడి పట్టుకొనెను; కోర్టువారు ఒక షిల్లింగు జరిమానా విధించిరి. అతివేగమునకు విధింపబడిన మొదటి జరిమానాలలో నిది యొకటి. నేడు సైకిలు సహితము ఆ వేగమును మించును. అయినను సూత్రము నాటికిని నేటికిని ఒక్కటే: వేగమును నిర్ణయింపవలసినది బండి శక్తి కాదు, అది పోవు వీథిలో నడచు మనుష్యుల క్షేమము.

పదునెనిమిదేండ్లు నిండని బిడ్డల తల్లిదండ్రులకు వేఱుగా ఒక మాట. పదునారేండ్లకే ద్విచక్ర వాహనము నడుపవచ్చునని కొందఱు తలంచుచున్నారు. ఆ అనుమతి 50 ఘనపు సెంటీమీటరులకు మించని యింజను గల మోటారు సైకిలుకు మాత్రమే, అదియు లైసెన్సుతోనే. నేడు మన యిండ్లలోని పెట్రోలు స్కూటరులు ఇంచుమించుగా అన్నియు 100కు పైబడినవే. మైనరు బిడ్డ బండి నడిపి నేరము చేసినచో, 199-ఏ సెక్షను ప్రకారము సంరక్షకుడు గాని వాహన యజమాని గాని నేరస్థుడగును. మూడేండ్ల వఱకు కారాగారము, రు. 25,000 జరిమానా, పండ్రెండు మాసములు బండి నమోదు రద్దు, ఆ బిడ్డకు ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు లేకుండుట - ఇవి ఆ సెక్షనులోని శిక్షలు. తనకు తెలియకుండ జరిగినదని గాని, తగిన జాగ్రత్త తీసికొంటినని గాని ఋజువు చేయు భారము పెద్దలదే. ట్యూషనుకు ఆలస్యమగుచున్నదని తాళము చేతికిచ్చు తల్లి ఈ సంగతి నెఱిగి యుండవలెను.

కడపటి మాట పెద్దలమైన మనకే. బడిగంట కొట్టు వేళకు పిల్లవానిని స్కూటరుపై కూర్చుండబెట్టుకొని, సందులోని 30 హద్దును గాలికి వదలి పరుగెత్తు తండ్రి, ఎంత చక్కగా బోధించినను, ఆ బోధన నిలువదు. బిడ్డ మన మాటకన్న ముందు మన బండిలోని వేగమాపక ముల్లును చూచి నేర్చుకొనును. కావున ఇంటికి బండి రాకముందే మనము నిదానముగా నడుపుట అలవరచుకొందము. వచ్చిన పిమ్మట మొదటి చలానాయే కడపటి చలానా యగునట్లు బిడ్డకు తోడుగా నుందము. ఉదయము పది నిమిషములు ముందుగా ఇల్లు వెడలుట కన్న అందులకు చవుకైన ఉపాయము లేదు.