తడిలో మొలిచే లోహం

నీళ్లలో పడ్డ ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెడితే బాగవుతుందా అని ఓ పాఠకురాలు అడిగారు. బియ్యపు నలుసులు లోపలికి పోయి పాడుచేయవచ్చని, ఆ పని చేయొద్దని ఆపిల్ సంస్థే చెబుతోంది. నన్నడిగితే నలుసుల కన్నా పెద్ద కారణం ఇంకొకటుంది.

శుద్ధమైన నీటిలో కరెంటు దాదాపు పారదు, కరిగిన లవణాల వల్లే పారుతుంది. ఈ బడిపాఠం గుర్తున్నవాళ్లు స్వేదనజలంతో ప్రమాదమే లేదనుకుంటారు. అక్కడే పొరపాటు.

సర్క్యూట్ బోర్డు మీద పక్కపక్కనున్న రెండు లోహపు గీతల సందులో సన్నని నీటిపొర నిలిచిందనుకోండి. ఫోన్ బ్యాటరీ ఇచ్చే 4 వోల్టులు చాలు. ధనధ్రువం దగ్గర లోహం అయాన్లుగా మారి నీళ్లలో కరుగుతుంది. ఆ అయాన్లు రుణధ్రువం చేరి, ఎలక్ట్రాన్లు అందుకుని మళ్లీ లోహంగా పేరుకుంటాయి. ఎక్కడ చిన్న మొన లేచినా విద్యుత్ క్షేత్రం అక్కడే బలపడుతుంది, తర్వాతి అయాన్లూ అక్కడికే చేరతాయి. అలా మొన మీద మొన లేచి, ఫెర్న్ ఆకులా కొమ్మలు వేస్తూ లోహం అవతలి గీత వైపు పాకుతుంది. రెండు వెండి తీగల మధ్య స్వేదనజలం బొట్టు వేసి, కొద్దిపాటి వోల్టేజి ఇచ్చి మైక్రోస్కోపులో చూడండి, నిమిషాల్లో కళ్లముందే మొలుస్తుంది! కావలసిన అయాన్లను లోహమే అందిస్తుంది మరి.

కొమ్మ అవతలి గీతను తాకగానే షార్ట్ సర్క్యూట్. ఒక్కోసారి ఆ వేడికి కొమ్మే కాలిపోయి లోపం మాయమవుతుంది. మెకానిక్ చూసి బాగానే ఉందంటాడు, మళ్లీ తడి తగలగానే కథ మొదటికొస్తుంది.

టెలిఫోన్ పరికరాల్లో వెండి ఇలా పాకిపోవడాన్ని బెల్ లేబొరేటరీస్‌కు చెందిన కోమన్, హెర్మన్స్, డౌన్స్ 1955లో వివరించారు. ఈ గుణం వెండిలో మరీ ఎక్కువ. రాగి, తగరం, సీసం కూడా ఇలాగే పాకుతాయి.

నీళ్లు ఆరినా బోర్డు మీద ఉప్పు మిగిలిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు తానే తడిని లాక్కుని కరుగుతుంది. విశాఖ లాంటి తీరనగరాల్లో అంత తేమ మామూలే. బియ్యం ఈ ఉప్పును తీయలేదు.

బ్యాటరీ ఊడదీసే వీలు లేకుండా చేసిన కంపెనీలు వోల్టేజిని వెంటనే ఆపేందుకు మనకున్న మంచి ఉపాయాన్ని పోగొట్టాయి. కాబట్టి తడిసిన ఫోన్‌ను వెంటనే ఆపేయండి. పనిచేస్తోందా అని ఆన్ చేసి చూడకండి, ఛార్జర్ పెట్టకండి. ఆలస్యం చేయకుండా రిపేరు షాపులో విప్పించి, బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించండి.