పశువు ఎముక – మనిషికి అతుకు

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రహదారిపై, నల్లగొండ జిల్లాలో చిట్యాల ఉన్నది. అట్టి రహదారిపై ప్రమాదం జరిగి ఒకరి కాలి ఎముకలో కొంత భాగం నుజ్జయి పోయిందనుకొందాం. విరిగిన ఎముక కదలకుండా కట్టు కడితే సాధారణంగా తానే అతుకుతుంది. కాని ముక్క పోయిన చోట పెద్ద ఖాళీ ఏర్పడితే ఎముక దానిని దాటలేదు. అక్కడ పీచు వంటి కణజాలం మాత్రమే పెరుగుతుంది. అట్టి ఖాళీని పూడ్చడానికి వైద్యులు రోగి తుంటి ఎముకనుండే కొంత తీసి పెడతారు. ఇది అన్నిటికంటె మేలైన అతుకు. అయితే దొరికేది కొంచెమే. పైగా రోగికి రెండవ గాయం. అందుచేతనే శాస్త్రజ్ఞుల దృష్టి పశువుల ఎముకపై పడింది.

ఎముకలోని రెండు పదార్థాలు

కోడి ఎముకను కొన్నాళ్ళు వెనిగర్‌లో నానబెడితే ఖనిజం కరిగిపోయి, ఎముక రబ్బరువలె వంగుతుంది. అందులో మిగిలింది ముఖ్యంగా కొలాజెన్ అనే మాంసకృత్తు. మరొక ఎముకను నిప్పులో బాగా కాలిస్తే మాంసకృత్తు పోయి, ఆకారం చెడకుండానే తెల్లగా, పెళుసుగా మిగులుతుంది. ఈ మిగిలిన ఖనిజం కాల్షియం, ఫాస్ఫేటులతో కూడిన హైడ్రాక్సీ అపటైట్. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఇదే.

పశువు ఎముకను ఉన్నదున్నట్లు పెడితే మన శరీరం అందులోని పరాయి మాంసకృత్తులను ఎదిరిస్తుంది. కనుక కొవ్వు, నెత్తురు, కణాలు తొలగించి రెండు విధాల శుద్ధి చేస్తారు. వేడిచేత గాని రసాయనాలచేత గాని మాంసకృత్తును తీసి, ఖనిజపు రవ్వలను వాడడం ఒకటి. పందిరిపై తీగ పాకినట్లు, ఆ రవ్వల సందులలోకి కొత్త ఎముక పాకుతుంది. ఆమ్లంతో ఖనిజాన్ని తీసి కొలాజెన్‌ను మిగల్చడం రెండవది. 1965లో అమెరికా వైద్యుడు మార్షల్ యూరిస్ట్ ఇట్లు ఖనిజం తీసిన ఎముకను జంతువుల కండరంలో పెట్టగా, ఎముక ఉండని ఆ చోటనే కొత్త ఎముక పుట్టింది!

పరీక్ష ఎట్లు చేస్తారు?

మొదట ప్రయోగశాలలో పదార్థపు శుద్ధిని పరీక్షించి, గాజుపాత్రలోని కణాలకు అది విషమా కాదా అని చూస్తారు. పిమ్మట, నైతిక సంఘం అనుమతితో, ఎలుకలలో గాని కుందేళ్ళలో గాని పరీక్ష జరుపుతారు. మత్తు ఇచ్చి, తనంతట తాను పూడనంత రంధ్రం చేస్తారు. ఎలుక పుర్రెలో ఇందుకు 8 మిల్లీమీటర్ల వెడల్పును తరచుగా వాడతారు. కొన్ని రంధ్రాలను ఖాళీగా వదలి, కొన్నిటిలో ఆ జంతువు ఎముకనే పెట్టి, కొన్నిటిలో కొత్త పదార్థం నింపుతారు. ఖాళీ రంధ్రంతో పోల్చనిదే పదార్థపు గొప్ప తేలదు.

ఇక్కడ ఒక మోసం పొంచి ఉన్నది. ఎక్స్‌రే తీస్తే రంధ్రం తెల్లగా నిండి కనబడవచ్చు. కాని ఆ తెలుపు మనం పెట్టిన రవ్వలదే కావచ్చు! అందుచేత కొన్ని వారాల తరువాత ఆ భాగాన్ని పలుచగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. రవ్వలను అంటుకొని, కణాలతో, రక్తనాళాలతో సజీవమైన ఎముక పెరిగిందా? లేక పీచు చుట్టుకొన్నదా? కొత్త ఎముక నూటికి ఎంత పాళ్ళు? కొలిచేవారికి ఏ ముక్క ఏ జట్టుదో తెలియనివ్వరు.

నల్లగొండ నేర్పే పాఠం

నల్లగొండ జిల్లా బావినీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు చెడడాన్ని 1955లోనే సిద్దిఖీ బ్రిటిష్ వైద్య పత్రికలో వర్ణించారు. ఫ్లోరైడు ఎముక ఖనిజంలోని హైడ్రాక్సిల్ తావున చేరుతుంది. అట్టి నీరు త్రాగిన పశువుల ఎముకలలోనూ అది పేరుకొంటుంది. కనుక అతుకు పదార్థం ఏ ప్రాంతపు పశువుదో, ఆ పశువు ఆరోగ్యమెట్టిదో తెలియాలి. 1986లో బ్రిటనులో గుర్తించిన పిచ్చి ఆవు వ్యాధి కూడ ఈ జాగ్రత్తనే నేర్పింది.

మరొక మాట. ఆరోగ్యమైన కుందేలులో గెలిచిన పదార్థం ఫ్లోరోసిస్ వలన మారిన ఎముకలోనూ అట్లే పనిచేస్తుందని ముందుగా అనుకోరాదు. దానిని వేరుగా పరీక్షించవలసిందే. చివరకు రోగికి అది ఏ జంతువుదో తెలిపి, సమ్మతి పొందాలి. ఖాళీ నిండితే చాలదు. నిండినది ప్రాణమున్న ఎముక కావాలి.