తొమ్మిదో చిప్ కాపలా

పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పాత సర్వర్ ఒకటి విప్పి, అందులోని మెమరీ మాడ్యూళ్లు పిల్లల చేతికిచ్చాను. ఒకమ్మాయి మామూలు పీసీ మాడ్యూల్‌ను పక్కన పెట్టుకుని లెక్కపెట్టింది. "సార్, దీనికి ఎనిమిది చిప్‌లే. సర్వర్‌దానికి ఒకేలాంటివి తొమ్మిదున్నాయి. ఆ ఒక్కటీ ఎందుకు?" ఆ తొమ్మిదో చిప్ అంటే నాకెంతో ఇష్టం. ఆ రోజుకి సిలబస్ పక్కన పెట్టేశాం.

1966లో ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్‌కు తట్టిన ఆలోచనే ఈ చిప్‌లలో ఉండే నేటి డీర్యామ్ మెమరీ. బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్. చార్జ్ నిండుగా ఉంటే 1, లేకుంటే 0. అయితే ఆ కెపాసిటర్ చిల్లుకుండ లాంటిది. కారిపోయేలోగా, మామూలుగా 64 మిల్లీసెకన్లకోసారి, చదివి మళ్లీ నింపాలి. అంత కొద్ది చార్జ్ చెదరడానికి పెద్ద దెబ్బ అక్కర్లేదు. చిప్‌కు తొడిగిన ప్యాకేజీలో లేశమాత్రం ఉన్న యురేనియం, థోరియం వెలువరించే ఆల్ఫా కణాలు కూడా బిట్‌ను తిరగేయగలవని 1978లో ఇంటెల్ శాస్త్రవేత్తలు తిమొతీ మే, ముర్రే వుడ్స్ చూపించారు. చిప్ చెక్కుచెదరదు, అందులో రాసింది మాత్రం మారిపోతుంది.

ఈ జబ్బు బయటపడక ముందే దీనికి మందు తయారై ఉంది. 1947లో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ శని, ఆదివారాల్లో రిలే కంప్యూటర్‌కు లెక్కలు అప్పగించి వెళ్లేవారు. తప్పు దొర్లిందని పసిగడితే ఆ యంత్రం, చూసుకునే మనిషి లేని సెలవుల్లో, ఆ లెక్క వదిలేసి తర్వాతిది అందుకునేది. వరసగా రెండు వారాంతాలు ఆయన పని గంగలో కలిసింది. తప్పు జరిగిందని తెలిసిన యంత్రం, ఎక్కడ జరిగిందో తెలుసుకుని తానే దిద్దుకోలేదా? ఈ పట్టుదలకు దొరికిన జవాబు 1950లో అచ్చయింది.

దాన్ని మేం క్లాసులోనే ఆడి చూశాం. ఏడుగురిని వరసలో నిలబెట్టి 1 నుంచి 7 దాకా నంబర్లిచ్చాను. చెయ్యెత్తితే 1, దించితే 0. మన సమాచారం 3, 5, 6, 7ల దగ్గర ఉంటుంది. 1, 2, 4 కాపలాదారులు. ఒకటోవాడు 1, 3, 5, 7లను చూసుకుంటాడు. రెండోవాడివి 2, 3, 6, 7. నాలుగోవాడివి 4, 5, 6, 7. తన జట్టులో ఎత్తిన చేతులు సరిసంఖ్యలో ఉండేలా ప్రతి కాపలాదారూ తన చెయ్యి ఎత్తుతాడు, లేదా దించుతాడు.

3, 6, 7 చేతులెత్తారు. లెక్క సరిచేయడానికి 2 కూడా ఎత్తాడు. నేను కళ్లు మూసుకున్నాను, 6 గుట్టుగా చెయ్యి దించేశాడు. కళ్లు తెరిచి అడిగాను. ఒకటోవాడు "సరే" అన్నాడు. రెండోవాడు, నాలుగోవాడు "తప్పు" అన్నారు. తప్పన్నవాళ్ల నంబర్లు కలిపితే 2+4=6. దొంగ దొరికాడు! చెయ్యి మళ్లీ ఎత్తిస్తే సమాచారం పదిలం.

"కాపలాదారే తప్పు చేస్తే, సార్?" అందా అమ్మాయి. అప్పుడు అతని జట్టు ఒక్కటే తప్పుతుంది, వేలు అతనివైపే చూపిస్తుంది.

మాడ్యూల్ ఒకేసారి అందించే 64 బిట్లకు ఇలాంటి కాపలాదారులు ఏడుగురు చాలు. ఒకేసారి రెండు బిట్లు తిరగబడితే దిద్దలేకపోయినా పసిగట్టడానికి ఎనిమిదోవాడు కావాలి. మొత్తం 72 బిట్లు, చిప్‌కు ఎనిమిది చొప్పున తొమ్మిది చిప్‌లు.

మాడ్యూల్ నడుమ విడిగా కనిపించే చిప్ రిజిస్టర్. మెమరీ కంట్రోలర్ ఇచ్చే ఆదేశాలు అన్ని చిప్‌లకూ నేరుగా చేరాలంటే ఆ సంకేతం బరువు మోయలేక నీరసిస్తుంది. రిజిస్టర్ ఆ ఆదేశాన్ని అందుకుని, బలం కూర్చి, తన చిప్‌లకు పంచుతుంది. అందుకు ఒక క్లాక్ ఆలస్యమవుతుంది. ప్రతిఫలంగా ఒకే సర్వర్‌లో ఎక్కువ మాడ్యూళ్లు పడతాయి. కావలసిన డేటా అంతా మెమరీలోనే ఇమిడితే డిస్క్ దాకా పరుగెత్తే పని తప్పుతుంది. డిస్క్‌తో పోలిస్తే ఆ ఒక్క క్లాక్ లెక్కలోకే రాదు.

ఇక కాపలా విషయానికొస్తే, ఆ తర్వాత ఐబీఎం చిప్‌కిల్ అనే పద్ధతి వచ్చి, ఒక చిప్ మొత్తం పోయినా సర్వర్ ఆగకుండా నడిపించింది. కొత్త తరం మెమరీ డీడీఆర్5 మాడ్యూల్‌ను రెండు దారులుగా చీల్చి, ఒక్కో దారికి 32 బిట్లిచ్చింది. సర్వర్ మాడ్యూళ్లలో సాధారణంగా ఒక్కో దారికి ఎనిమిదేసి కాపలా బిట్లుంటాయి. అదే ఎనిమిది బిట్ల చిప్‌లైతే దారికి ఐదు, మొత్తం పది.

వేగమంటే గిగాహెర్ట్జ్‌లే అనుకుంటాం. రాత్రంతా నడిచిన లెక్క తెల్లారేసరికి మళ్లీ మొదటికొస్తే ఆ గిగాహెర్ట్జ్‌లన్నీ వృథా. హామింగ్‌కు రెండు వారాంతాలు నేర్పింది అదే. కొత్త సర్వర్ మాడ్యూల్ చేతికొస్తే చిప్‌లు మరోసారి లెక్కపెట్టమని ఆ అమ్మాయికి చెప్పాను. ఈసారి పది వస్తే, ఎందుకో తనే చెప్పగలదు.