జీపు ఎందుకు కదిలింది?

ఈ మధ్య భిలాయి వెళ్ళినప్పుడు ఒక ప్రమాదం తృటిలో తప్పిపోయింది. ఉక్కు కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మా బావ కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి పక్కన ఒక పాత మహీంద్రా జీపు, సీజే-3బి నమూనాది, ఉంది. దాని వెనుక ప్రొపెల్లర్ షాఫ్టులో క్రాసు అరిగిపోయి, క్లచ్చి వదిలినప్పుడల్లా ‘టక్’మంటోంది. “దీనికి షెడ్డెందుకు, మనమే మార్చేద్దాం” అన్నాడు బావ. గేరులో ఉంచాం, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగాం. బావ కిందికి దూరి బోల్టులు విప్పసాగాడు. చివరి బోల్టు ఊడి షాఫ్టు విడిపోగానే జీపు మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది. పక్కనే నిలబడిన కుర్రవాడు చక్రం వెనక్కి ఇటుక తోయబట్టి సరిపోయింది.

గేరులో ఉంది. బ్రేకు వేసి ఉంది. మరి ఎందుకు కదిలింది?

మామూలు కార్లలో హ్యాండ్‌బ్రేకు వెనుక చక్రాలను పట్టుకుంటుంది. విల్లీస్ సంతతికి చెందిన పాత జీపుల్లో చాలావాటికి అలా కాదు. గేరుబాక్సు వెనకాల, శక్తిని ముందు వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది కదా, దాని వెనుక ముఖాన ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది. బ్రేకు పట్టుకునేది ఆ డ్రమ్మునే. డ్రమ్ము షాఫ్టును ఆపుతుంది, షాఫ్టు చక్రాలను ఆపుతుంది. ఈ ఏర్పాటులో తెలివి లేకపోలేదు. సీజే-3బిలో చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్టు 5.38 సార్లు తిరగాలి. అందువల్ల చక్రం దగ్గర కావలసిన బలభ్రామకంలో ఐదోవంతుకన్నా తక్కువతోనే షాఫ్టును ఆపవచ్చు. ఒక్క చిన్న బ్రేకు చాలు. కాని షాఫ్టు ఊడదీస్తే బ్రేకుకూ చక్రాలకూ సంబంధమే ఉండదు. ఇంజను గేరు పరిస్థితీ అంతే. కనుక ఈ షాఫ్టు మీద చెయ్యి వేసేముందు బండిని సమతలం మీద నిలిపి, చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టి తీరాలి. ముప్పై ఏళ్ళు కర్మాగారంలో పనిచేసిన మనిషికే ఆ సంగతి తట్టలేదు. నాకు తట్టిందా అంటే, నాకూ తట్టలేదు.

సరే, క్రాసు మార్చాం. క్రాసుకు నాలుగు చేతులు, ఒక్కో చేతికి ఒక కప్పు, కప్పు లోపల సూదుల్లాంటి సన్నని రోలర్లు ఉంటాయి. వీటిలో ఒక్కటి అడ్డంగా పడినా కప్పు పూర్తిగా కూర్చోదు. అప్పుడు సుత్తి తీసుకోకూడదు. కప్పు తీసి, సూదులను గ్రీజుతో గోడకు అతికించి మళ్ళీ ఎక్కించాలి. బావ ఈ పని ఓపికగా చేశాడు. కాని బండి రోడ్డెక్కి 50 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి నేలంతా ‘జుయ్’మని అదరసాగింది. పాత క్రాసుతో శబ్దమే ఉండేది. కొత్త క్రాసుతో వణుకు వచ్చింది! “నకిలీ సామాను అంటగట్టారు” అన్నాడు బావ.

తప్పు సామానుది కాదు. దీన్ని అర్థం చేసుకోవాలంటే మీకు స్ప్రింగుల నియమం ద్వారా పరిచయమైన రాబర్ట్ హుక్ దగ్గరికి వెళ్ళాలి. వంపులో భ్రమణాన్ని అందించే ఈ జాయింటును హుక్ 17వ శతాబ్దంలో పరిశీలించాడు. అందుకే దాన్ని హుక్ జాయింటు అనీ, అంతకు ముందు శతాబ్దపు ఇటలీ గణితజ్ఞుడు కార్డానో పేరు మీద కార్డన్ జాయింటు అనీ అంటారు. దీనికొక విచిత్ర గుణం ఉంది. ఒకవైపు కడ్డీని సమవేగంతో తిప్పినా, రెండోవైపు కడ్డీ సమవేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. రెండు కడ్డీల మధ్య వంపు 20 డిగ్రీలైతే, ఇటు నిమిషానికి 1000 చుట్లు తిప్పినప్పుడు అటు వేగం 940కీ 1064కీ మధ్య ఊగుతుంది. వంపు 5 డిగ్రీలే అయితే 996కీ 1004కీ మధ్యనే. అంటే వంపు నాలుగింతలైతే ఊగిసలాట సుమారు పదహారింతలైంది. జీపును ఎత్తు చేయడానికి స్ప్రింగు పట్టీలు అదనంగా వేయించేవారు ఈ అంకెలను ఒకసారి చూసుకోవడం మంచిది. బండి లేచినకొద్దీ షాఫ్టు వంపు పెరుగుతుంది.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. రెండు గట్టి తీగలను చివర్లలో ‘యు’ ఆకారంలో వంచి, మధ్యన చిన్న బెండుముక్కను క్రాసుగా అమర్చండి. తీగల రెండో చివరలకు డిగ్రీలు గీసిన అట్టబిళ్ళలు గుచ్చండి. వంపు 45 డిగ్రీలు ఉంచి, ఒక బిళ్ళను 45 డిగ్రీలు తిప్పండి. రెండోది, మీరు ఏ స్థితిలో మొదలుపెట్టారన్నదాన్ని బట్టి, సుమారు 35 డిగ్రీలో 55 డిగ్రీలో తిరుగుతుంది. 90 డిగ్రీలు తిప్పితే రెండూ మళ్ళీ కలుసుకుంటాయి.

మరి జీపు రోజూ వణకదేం? షాఫ్టుకు రెండు చివరలా రెండు జాయింట్లు ఉంటాయి కనుక. ఒకటి ముందుకు ఉరికించినప్పుడు రెండోది అంతే వెనక్కి లాగుతుంది. మధ్యలో షాఫ్టు ఊగుతూనే ఉన్నా ఇరుసుకు చేరే వేగం సమంగా ఉంటుంది. అయితే దీనికి రెండు షరతులు. రెండు చివరలా వంపు సమానంగా ఉండాలి. షాఫ్టుకు అటూ ఇటూ ఉన్న రెండు యోకులు, అంటే క్రాసును పట్టుకునే కవలు, ఒకే తలంలో ఉండాలి. స్ప్రింగులు ఆడేటప్పుడు పొడవు సర్దుకోవడానికి షాఫ్టు మధ్యలో పళ్ళున్న జారుడు జోడు ఉంటుంది. మా బావ కడగడానికి దాన్ని విడదీసి, పళ్ళు ఎక్కడ పడితే అక్కడ కలిపేశాడు. రెండు యోకులు ఒకదానికొకటి అడ్డంగా వస్తే దోషాలు కొట్టుకుపోవు, కలుస్తాయి. 20 డిగ్రీల వంపులో 940–1064 కాస్తా 883–1132 అవుతుంది.

బావకు నమ్మకం కలగడానికి లెక్క వేశాం. టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 6.3 సార్లు తిరుగుతుంది, షాఫ్టు 34 సార్లు. చుట్టుకు రెండు కుదుపుల చొప్పున సెకనుకు 68. ఆ ‘జుయ్’ అదే. షాఫ్టు తూకం తప్పితే వచ్చే వణుకు చుట్టుకు ఒక్కటే ఉంటుంది కనుక శబ్దం ఇంకా బొంగురుగా వినిపిస్తుంది. ఈసారి చక్రాలకు రాళ్ళు పెట్టి షాఫ్టు దింపాం. మట్టి గీకితే జారుడు జోడు మీద రెండు బాణం గుర్తులు బయటపడ్డాయి. కలపవలసింది వాటినే. గుర్తులు కనబడకపోతే విప్పేముందే సుద్దతో గీత గీసుకోవాలి.

ఇక బోల్టుల సంగతి. జీపు అమెరికాలో పుట్టింది. 1947లో మహీంద్రావారు విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టినప్పుడు దానితోపాటు అంగుళాల మరలూ వచ్చాయి. భిలాయి కర్మాగారం 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితం, అక్కడంతా మిల్లీమీటర్లే. బావ ఇంట్లో ఉన్న బోల్టులూ ఆ కొలతవే. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కాని అంగుళానికి 24 మరలున్న సన్నరకంలో మరకూ మరకూ దూరం 1.06 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల మామూలు బోల్టులో 1.25. ఒకదాని నట్టు రెండోదానికి ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. స్పానరు వేసి ఇంకా తిప్పితే బాగా బిగిసిందనిపిస్తుంది. నిజానికి అప్పుడు మర తెగుతూ ఉంటుంది. అలాంటి బోల్టు షాఫ్టును కొంతదూరమే మోస్తుంది. పరీక్ష సులువు. కొత్త బోల్టును పాతదాని పక్కన పెట్టి, ఒకదాని మరల్లో రెండోదాని మరలు నొక్కి వెలుతురుకు ఎత్తి చూడండి. సందు కనబడితే జోడు కాదు.

బావ ఇప్పుడు రెండు డబ్బాలు పెట్టుకున్నాడు. ఒకదాని మీద ‘కార్ఖానా’ అనీ, రెండోదాని మీద ‘జీపు’ అనీ రంగుతో రాశాడు. ఇటుక మాత్రం జీపులోనే ఉంటోంది, డ్రైవరు సీటు కింద.